బి సైడ్ చివర సారంగం గొంతు

నేను ఒక క్యాసెట్‌ని. ఈ కాలం పిల్లలు నన్ను చూసి ఇదేమిటని అడుగుతారు. వాళ్ల అమ్మానాన్నలు నవ్వుతారు. జ్ఞాపకాలు దాచుకునే పెట్టె అని నాకో మంచి పేరుంది. ఆ పేరు పెట్టినవాళ్లు నా పొట్టలోకి తొంగి చూసి ఉండరు. అక్కడున్నది గోధుమరంగు రిబ్బను, దాని మీద తుప్పులాంటి పొడి, అంతే. చివరగా ఎవరు ఏం వినిపిస్తే అది పట్టుకోవడం, అంతకుముందు విన్నది వదిలేయడం, దానికి తెలిసిన విద్య ఇదొక్కటే. మనుషులు నన్ను నమ్మిన ప్రతిసారీ నాకు భయమేసేది.

ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. నోరు తెరిచి పాడింది మాత్రం కరీంనగర్‌లో, బస్టాండు ఎదుటి రికార్డింగ్ షాపులో. గోదావరి ఒడ్డున బొగ్గుబావుల ఊరి నుంచి ఇద్దరు ఇంటర్మీడియట్ కుర్రాళ్లు వచ్చి నన్ను కొన్నారు. ఒకడు ఓదేలు, ఇంకొకడు సారంగపాణి, అందరికీ సారంగం. ఇద్దరి తండ్రులూ బావిలోకి దిగేవాళ్లే. కాలనీకి కేబుల్ టీవీ కొత్తగా వచ్చింది, దాంతోపాటు విదేశీ పాటల పిచ్చీ వచ్చింది. గిటారు గీపెట్టే రాక్ పాటలంటే ఓదేలుకు ప్రాణం. ఊపిరి తీసుకోకుండా ఎవరినో తిడుతున్నట్టుండే ర్యాప్ పాటలంటే సారంగానికి ప్రాణం. షాపతను రెండు రకాలూ నాలో నింపాడు. మళ్లీ వాటి మీద ఎవరూ ఏమీ రికార్డు చేయకుండా నా వీపునున్న రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేసి ఇచ్చాడు. ఆ విరిచిన చోటే నా ప్రాణానికి కాపలా.

ఆ ఏడాదంతా ఓదేలు ఇంట్లో నేను అరిగిపోయాను. అర్థమైన మాట ఒక్కటీ లేదు, అయినా ఇద్దరూ గొంతు చించుకుని వెంట పాడేవాళ్లు. ఇంగ్లీషు మాట చెవికెలా తగిలితే నోటికలా వచ్చేది. "ఏందిర గా లొల్లి? ఎవన్నన్న కొడ్తున్నరా?" అని ఓదేలు తల్లి వంటింట్లోంచి అడిగేది. కరెంటు పోతే పెన్ను దూర్చి నన్ను గిరగిరా తిప్పి వెనక్కి చుట్టేవాళ్లు, కరెంటు రాగానే మళ్లీ మొదలు.

ఒకరోజు సారంగానికి సొంత పాట మీద మనసైంది. బావిలో పనికి ముందు కర్రతో పైకప్పును కొట్టి వినాలని తండ్రి అతనికి చెబుతుండేవాడు. గట్టిగా ఖంగుమంటే బండ గట్టిది. డొల్లగా మోగితే వెనక్కి పరుగెత్తాలి. సారంగం ఆ మాటలకే ర్యాప్ కట్టాడు. మంచం ఇనుప పట్టీ మీద గరిటెతో దరువు వేసుకున్నాడు. నా బి సైడ్ చివర కాస్త ఖాళీ ఉంది. ఓదేలు నా వీపున విరిగిన చోట ఒకవైపు సెల్లోటేపు ముక్క అంటించాడు. దాంతో కాపలావాడు నిద్రపోయినట్టే, ఇక రికార్డు చేయొచ్చు. సారంగం పాడేవాడు, ఓదేలు రికార్డు చేసే ఎర్ర మీటనూ పక్కనున్న ప్లే మీటనూ కలిపి నొక్కేవాడు. నచ్చకపోతే వెనక్కి తిప్పి మళ్లీ అదే చోట పాడించేవాడు. పాతది చెరిగి కొత్తది ఎక్కేది. ఎన్నోసారికో సరిగ్గా కుదిరింది. ఏం పాడాడో మాత్రం నన్ను అడగకండి. ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

తండ్రికి ఒంట్లో బాగులేక పని మానేస్తే ఆ ఉద్యోగం సారంగానికి వచ్చింది. పెళ్లయింది. భార్యకు నెలలు నిండుతున్న రోజుల్లో బావిలో పైకప్పు కూలింది. కర్రతో కొట్టి చూశాడో లేదో, చూస్తే అది ఏమని మోగిందో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. బిడ్డ పుట్టింది. పేరు లిఖిత. తండ్రివి ఆ పిల్లకు కొన్ని ఫొటోలు మిగిలాయి. గొంతు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

అక్కడి ఇళ్లల్లో పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చి, వాళ్లకు ఇష్టమైనవి ఫొటో ముందు పెడతారు. సారంగం ఫొటో ముందు మాంసం కూర, కల్లు, వాటి పక్కన నేను. ఓదేలు ఏటా నన్ను బీరువాలోంచి తీసుకెళ్లి పెట్టేవాడు, లిఖిత నాకు బొట్టు పెట్టేది. అగరొత్తి పొగ పీల్చి సాయంత్రానికి మళ్లీ బీరువాలోకి వచ్చేదాన్ని. అరిగిపోతానని ఓదేలు నన్ను ఒక్కసారి కూడా మోగించలేదు. పాటకు బొట్టు పెట్టి దండం పెట్టి, వినకుండా దాచేవాళ్లు మనుషులే. అయినా నాకది నచ్చింది. అలాగే ఉండనిస్తే బాగుండేది.

ఈ ఏడు లిఖిత ఊరుకోలేదు. "కాకా, మా బాపు గొంతు ఒక్కనాడు గూడ ఇనలే నేను. బొట్టు వెట్టుడు సాలు. ఒక్కసారి మోగనియ్, ఫోన్ల ఎక్కించుకుంటా" అంది. ఓదేలు కాదనలేకపోయాడు. రిపేరు షాపులో పాత టేప్‌రికార్డర్ సంపాదించి, వేరే క్యాసెట్ వేసి చూసి మరీ తెచ్చాడు.

ముందు ఎ సైడ్ వేశాడు. నాకే ఆశ్చర్యం, పాటలు బాగానే వచ్చాయి. నెత్తి సగం నెరిసిన ఓదేలు కళ్లు మూసుకుని భుజాలు ఊపాడు. లిఖిత పడిపడి నవ్వింది.

"మీకు గీ పాటలు సమజయ్యేవా, కాకా?"

"ఒక్క ముక్క గాలే, బిడ్డా. గందుకే గంత మంచిగుండె."

నన్ను తిప్పాడు. పెన్ను దూర్చి బి సైడ్ చివర సారంగం పాట మొదలయ్యే చోటిదాకా చుట్టాడు. లోపల పెట్టాడు. చేయి మీటల మీదికి వెళ్లింది. ఆ వేళ్లు వేరే పాటలకు ఒక మీటే నొక్కేవి. సారంగం పాట అనగానే ఎప్పుడూ రెండు నొక్కేవి. ఇప్పుడూ రెండే నొక్కాయి. సెల్లోటేపు ముక్క పసుపుపచ్చగా మారింది కానీ ఊడలేదు. ఊడి ఉంటే ఆ ఎర్ర మీట దిగేదే కాదు. చక్రాలు తిరిగాయి. అరవడానికి నాకు నోరు లేదు. నాలోంచి సారంగం గొంతు చెరిగిపోతుంటే, వాళ్లిద్దరూ అతని కోసం మెడలు చాచి కూర్చున్నారు. నా బతుకులో అంత ఏడుపొచ్చిన క్షణం లేదు.

చాలాసేపటికి ఓదేలుకు ఎర్ర లైటు కనిపించింది. టేపు ఆపాడు. ముఖం పాలిపోయింది.

"ఏమైంది, కాకా?"

"పాతది గద, బిడ్డా. గొంతు పోయినట్టుంది."

లిఖిత కళ్లు తుడుచుకుంది. "పోనీ తియ్, కాకా. నువ్వేం జేస్తవ్ మరి" అని అతని భుజం మీద చేయి వేసింది. ఓదేలు తల ఎత్తలేదు. చెరిపింది తన వేళ్లేనని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్తాడని నేను అనుకోను. వచ్చే పెత్రమాసకూ నన్ను ఆ ఫొటో ముందు పెడతారు, ఆ పిల్ల నాకు బొట్టు పెడుతుంది.

టేప్‌రికార్డర్‌లోనే మైకు ఉంటుంది కనుక ఆ గదిలో వినపడినదంతా నాకెక్కింది. ఇప్పుడెవరైనా నన్ను మోగిస్తే బి సైడ్ చివర మొదట ఫ్యాను చప్పుడు వస్తుంది. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు మెల్లగా అడుగుతుంది:

"మా బాపు గట్టిగ మాట్లాడేటోడా, కాకా, మెల్లగనా?"

దాని వెంటే ఓదేలు గొంతు:

"ఆగు బిడ్డా. ఇప్పుడు నువ్వే ఇంటవ్ గద."