మోంతెహేరా విందులో తొలి కోత

మోంతెహేరా అనే ఇంటిపేరు గలవారందరూ ఒకే రక్తమనీ, వారి మూలపురుషుడు రాజుగారి పక్కన గుర్రమెక్కి యుద్ధం చేశాడనీ మా ఊళ్లో గట్టి నమ్మకం. బుర్గోస్ కొండల కింద ముప్ఫై ఆరేళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఆ గుర్రం మీద మొదటినుంచీ అనుమానమే. మోంతెహేరా అనేది పైన ఉన్న ఒక మేతబయలు పేరు. అక్కడినుంచి దిగివచ్చిన ప్రతివాడికీ, బంధుత్వంతో పనిలేకుండా, ఆ పేరు అంటుకుని ఉంటుందని నా వాదన.

ఏటా ఆగస్టులో మా ఇంటిపేరువాళ్ల విందు జరుగుతుంది. రక్తసంబంధీకుల్లో అందరికన్నా పెద్దవారు బల్ల మొదట్లో కూర్చుని, కాల్చిన గొర్రెపిల్లను తొలి కోత కోయాలి. మూడేళ్లుగా ఆ పెద్దను నేనే. ఈ ఆచారం అర్థరహితమని ఏటా చెబుతూనే ఉన్నాను. కత్తి మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఈసారి విందుకు ముందు పరిశోధనాపత్రం చదువుతానని ప్రకటించాను. దేశం మొత్తంమీద మోంతెహేరాలు నాలుగువందల పదకొండు మంది. వారిలో మూడువందల మంది మా జిల్లాలోనే ఉన్నారు. ఇలా ఒకేచోట గుమిగూడి ఉండటం ఒకే కుటుంబమన్న మాటకే బలమిస్తుంది కనుక ఈ అంకెను పుట అడుగున చిన్న అక్షరాల్లో వేశాను. తరువాత చర్చిలోని బాప్తిస్మ పుస్తకాలు తిరగేశాను. 1819లో కావలసింది దొరికింది: "మగశిశువు. తల్లిదండ్రులు తెలియరు. మోంతెహేరా వారి గుమ్మంలో దొరికినందున ఆ ఇంటిపేరే పెట్టడమైనది."

తిరుగులేని సాక్ష్యమని నా నోటుపుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీశాను. ఉత్సాహం కొద్దీ ఆ శిశువు సంతానాన్ని వరసగా రాసుకుంటూ వచ్చాను. ఆ శాఖలో ఇప్పటికి మిగిలినవాడు ఒక్కడే. ఐదో తరంవాడు. నేను.

తరువాతి మూడు రోజులు ఆనాటి మతగురువు దస్తూరీని శంకించాను, జ్ఞాపకశక్తిని శంకించాను, చివరికి సిరాను కూడా శంకించాను.

"ఏంటి, ఆ కాగితంతో కుస్తీ పడుతున్నావ్?" అంది నా భార్య కసిల్దా. ఆమె పెళ్లివల్ల కాదు, పుట్టుకతోనే మోంతెహేరా.

చూపించాను.

"అయితే మా గుమ్మంలో దొరికినవాళ్ల తాలూకన్నమాట. నలభై ఎనిమిదేళ్లుగా మేపుతున్నా, ఒక్కసారైనా చెప్పావా?"

"నేను చదవకపోతే ఎవరికీ తెలీదు, కసిల్దా."

"చదవకు మరి. కత్తి పట్టుకో. కానీ ఇకమీదట ఆ గుర్రం గురించి నోరెత్తకూడదు."

ఆ షరతు భరించలేకపోయాను. విందునాడు పత్రం మొత్తం చదివాను, చిన్న అక్షరాలతో సహా.

విందు పెత్తనం చూసే ఫెర్మిన్ చేతులు కట్టుకుని విన్నాడు.

"అయితే మాస్టారూ, అందరం ఒకే రక్తం కాదని తేలిందా?"

"తేలింది."

"పరాయివాళ్లు ఎంతమంది?"

"దొరికింది ఒక్కడే. నేనే."

"మావాడివి కదా అని ఇన్నాళ్లూ నీ ఉపన్యాసాలు ఓర్చుకున్నాం. ముందే చెబితే పోయేది కదయ్యా."

తరువాత అతను విందు నియమావళి తెరిచి, అల్లుళ్లకు సంబంధించిన భాగం బిగ్గరగా చదివాడు.

ఆ రోజు పెద్ద బల్ల దగ్గర అరవై ఇద్దరు కూర్చున్నారు. వంటింటి తలుపు పక్కన అల్లుళ్ల బల్ల దగ్గర నేను ఏడోవాణ్ణి. రక్తసంబంధీకుల్లో పెద్దది, నాకన్నా నాలుగు నెలలు చిన్నదైన కసిల్దా. తొలి కోత ఆమె కోసింది.