బల్ల మీది ఊరికి బొడ్రాయి

ఊరు కట్టడం ఇంత చాకిరీ అని తెలిస్తే అసలు మొదలే పెట్టేవాణ్ని కాదు. బల్ల మీద ఆడే యుద్ధం ఆట కోసం చేసే నేలపలక అది. వేలెడంత కూడా లేని ప్లాస్టిక్ సైనికులను దాని మీద నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో కొలిచి నడిపిస్తాం. నిజామాబాద్ స్నేహితుల పలకల మీద ఇన్నాళ్లూ నేను ఆడానే గాని, నేను చేసిన పలక మీద ఎవరూ ఆడలేదు. ఈ ఆదివారం ఆట నా ఊళ్లో పెట్టించడానికి, వాళ్లలో ఆటలు ఏర్పాటు చేసే అఖిలేశ్‌ను ఎంత బతిమాలానో నాకే తెలుసు. వాడు ఒకటే షరతు పెట్టాడు. యుద్ధ ట్యాంకు ఊరి నడుమ నుంచి సూటిగా పోవాలి, దారిలో ఏదీ అడ్డం ఉండకూడదు.

మొదటి పలక థర్మాకోల్‌తో చేశాను. స్ప్రే రంగు కొట్టగానే కరిగి గుంటలు పడింది. తర్వాత అట్టతో చేస్తే, ఫెవికాల్ ఆరేసరికి అప్పడంలా వంకర తిరిగింది. మా బాన్సువాడ ఎండ మీద, ఫెవికాల్ మీద, చివరికి నా మీద నాకే ఒళ్లు మండింది. ఈసారి ప్లైవుడ్ తెచ్చి, జల్లించిన ఇసుక, ఇటుక పొడి, ఎండబెట్టిన టీపొడి చల్లి నేల చేశాను. బాంబులు పడ్డ ఊరు కాబట్టి సగం కాలిన ఇళ్లు అతికించాను. శనివారం పొద్దున దాన్ని వరండాలో ఆరబెట్టి నా సెల్ రిపేర్ దుకాణానికి వెళ్లాను.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి చూస్తే, సరిగ్గా ట్యాంకు పోయే చోట, పసుపు రాసి కుంకుమ పెట్టిన బొటనవేలంత రాయి నిలబడి ఉంది. మా అవ్వ భూమవ్వ పక్కన కూర్చుని చేతులు తుడుచుకుంటోంది. కుళాయి కోసం తెచ్చిన ఎంసీల్‌తో అతికించిందట. ఇదేం పని అని అరిచాను.

"ఊరంటివి గద బిడ్డా. నడుమల బొడ్రాయి లేంది ఊరెట్లైతది? గా కాలిన ఇండ్లు మల్ల నిలవాలె గద."

అది ఉత్త ఆటని, ఆ ఇళ్లు ఎప్పటికీ కాలిపోయే ఉంటాయని గొంతు చించుకుని చెప్పాను. అంతా విని, నిలిపిన బొడ్రాయిని పీకే మనిషిని తానైతే ఎక్కడా చూడలేదని, ఇక నా ఇష్టమని చెప్పి లోపలికి పోయి పడుకుంది.

నా భార్య పల్లవి స్క్రూడ్రైవర్ తెచ్చి చేతిలో పెట్టింది. "నువ్వు గివన్ని నమ్మవు గద. పీకెయ్."

నిజమే, నమ్మను. ఊరు చల్లగా ఉండాలని నడుమ పాతి మొక్కే బొడ్రాయికి ఊళ్లో పండుగ చేసినప్పుడు అందరితో వాదించినవాణ్ని నేను. స్క్రూడ్రైవర్ మొన రాయి కింద పెట్టాను. వాటం కుదిరింది, ఒక్క పోటు చాలు. చెయ్యి కదలలేదు. చెమట తుడుచుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ కదలలేదు. పళ్లు కొరుక్కోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఆఖరికి అఖిలేశ్‌కు ఫోన్ చేసి, ట్యాంకును పక్క సందులోంచి తిప్పుకుందామని అడిగాను. కుదరదన్నాడు. ఆ రాయేదో తీసేస్తే అయిపోతుంది కదా అన్నాడు.

"అది తియ్యరాదు అఖిలేశ్. అది మా ఊరి బొడ్రాయి."

వాడు, అయితే ఆదివారం తన బల్ల మీదే ఆడతామని, నేను ఊరికే వస్తే చాలని చెప్పి పెట్టేశాడు.

పల్లవి నా మొహంలోకి చూసింది. "మా ఊరా?" అంది. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.