కుర్చీ వెనక చోటు

కోడలు సంచి సర్దుతోంది. మడతలు అందిస్తానని పక్కన కూర్చున్నాను. తను టవల్ కోసం వెనకవైపుకి వెళ్ళగానే సంచి అడుగున చెయ్యి పెట్టి, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తీసి నా దిండు కింద దాచాను.

దొంగతనం కాదు. ఎవరు ప్రయాణమైనా వాళ్ళ వస్తువొకటి అట్టిపెట్టుకోవడం నా అలవాటు, దానికోసమైనా తిరిగొస్తారని. నా చిన్నప్పుడు మా అమ్మ రెండు జతల బట్టలు పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. దువ్వెన కూడా మర్చిపోకుండా తీసుకెళ్ళింది. మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పటినుంచీ ఎవరైనా అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటుంటే నాకు గుండె దడ. మనవరాలు పెళ్ళయి వెళ్ళేరోజు చెప్పు ఒకటి కనపడక ఇల్లంతా గాలించారు. కోడలే నా మంచం కిందనుంచి తీసి, ఎవరితోనూ అనకుండా తెచ్చి దాని కాలి దగ్గర పెట్టింది.

ఇప్పుడు కోడలు వాళ్ళక్క దగ్గరికి పదిరోజులు వెళ్ళొస్తానంది, పెళ్ళిపనులతో నడుం విరిగిందని.

"పదిరోజులా? మరి పెళ్ళి ఆల్బం సంగతి?" అన్నాడు మా అబ్బాయి.

"మీరు చూసుకోండి" అంది.

ఆ మాట ఆ నోట నేను వినడం అదే మొదలు. నడుం వాల్చడానికి వెళ్ళే మనిషికి కత్తెరతో పనేమిటి? పెళ్ళికి ముందు తను ఒక కుట్టు దుకాణంలో పనిచేసేది. కాపురానికొచ్చిన కొత్తలో మళ్ళీ వెళతానంటే మా ఆయన, "మనింట్లో చిరిగినవి చాలవా అమ్మాయ్?" అన్నారు. అందరం నవ్వాం. తనూ నవ్వింది. కత్తెర బీరువాలోకి వెళ్ళింది. మేం చింపుతూనే ఉన్నాం, తను కుడుతూనే ఉంది.

"అమ్మా, రా! నువ్వుంటే మనవాళ్ళెవరో గుర్తుపడతావ్" అని ముందుగదిలోంచి కేకేశాడు అబ్బాయి.

ఫోటోగ్రాఫర్ తీసినవన్నీ ఇచ్చేశాడట. ఆల్బంలో పట్టేవి కొన్నే. మిగిలినవి మనమే తీసెయ్యాలి. "మా అత్తగారివాళ్ళవి మాత్రం తగ్గించొద్దు నాన్నా" అని మనవరాలు ముందే ఫోన్ చేసి చెప్పింది. మావాడు కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని దానికొక పద్ధతి పెట్టాడు. కళ్ళు మూసినవి వద్దు, వెనక్కి తిరిగినవి వద్దు, సగం సగం పడినవి వద్దు.

బడికి వెళ్ళినదాన్ని కాను నేను. పొట్లాలు కట్టిన కాగితాలమీద ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఫోటో కూడా అలాగే చూస్తాను, ఒక మూలనుంచి మొదలుపెట్టి రెండో మూలదాకా. మావాడు మధ్యలో ఉన్నవాళ్ళని చూసి మీట నొక్కేస్తున్నాడు. మూలల్లో ఉన్నది నాకు కనపడుతోంది. పెళ్ళికూతురి అంచు సరిచేస్తూ వంగిన వీపు. కుర్చీలు మోసుకెళ్తున్న మోచెయ్యి. వియ్యపురాలికి మంచినీళ్ళు అందిస్తున్న చెయ్యి, ఆ చేతికి మాత్రం మనిషి లేదు. వీపు పోయింది, మోచెయ్యి పోయింది, చెయ్యి పోయింది.

"అబ్బాయ్, పెళ్ళికూతురి తల్లి ఏదిరా?" అన్నాను.

"అదెక్కడ నిలబడిందమ్మా ఒకచోట? కాలు నిలవదు కదా దానికి. ఉండు, అందరం కలిసి దిగిన పెద్దది ఉంది."

పెద్ద ఫోటో తెరిచాడు. నట్టనడుమ కుర్చీలో నేను, మహారాణిలాగా. చుట్టూ అందరూ. నా కుర్చీ వెనక, మావాడి పక్కన, ఒక మనిషి పట్టేంత చోటు. నాకు గుర్తొచ్చింది. నిలబడలేనంటే ఆ కుర్చీ తెచ్చి వేసింది తనే. వెనక్కి వెళ్ళి నిలబడిందో లేదో, "అమ్మాయ్, నా మాత్రలు" అన్నాను నేను. తను వచ్చేసరికి ఫోటో అయిపోయింది. మాత్ర మాత్రం వేళకి వేసుకున్నాను.

"దీనికేముంది! దాని మొహం ఇంకో ఫోటోలోంచి తీసి అతికించమంటే ఫోటోగ్రాఫరే అతికిస్తాడు" అన్నాడు మావాడు. ఇంకో ఫోటో కోసం వెతికాడు. అన్నీ వెతికాడు. తీసేసినవి కూడా మళ్ళీ తెరిచాడు. చెవి దొరికింది, జడ దొరికింది, నవ్వుతున్న సగం మొహం దొరికింది, మిగతా సగం ముందు వియ్యంకుడి తల. "మన పెళ్ళిఫోటోలోది పెట్టేద్దాం. పెద్దగా ఏం మారిందిలే!" అన్నాడు.

గుమ్మంలో నిలబడి కోడలు వింటోంది. ఎప్పుడొచ్చిందో.

"అతికించకండి. ఆ చోటు అలాగే ఉండనివ్వండి."

"బాగుండదోయ్. పళ్ళు ఊడినట్టుంది."

"నేను లేనుగా. లేనట్టే ఉండాలి."

అరవలేదు. ఉప్పు చాలిందా అని అడిగే గొంతుతోనే అంది. మావాడికి ఆ మాట జోకనిపించింది. "సరే, నీ ఇష్టం" అని మళ్ళీ వియ్యంకులవాళ్ళ ఫోటోల్లోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం కోడలి మొహంలోకి చూశాను. అలిసిపోయిన మొహమే, రోజూ చూసేదే. కోపం ఉంటే బాగుండుననిపించింది. కోపంతో వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు.

లేచి నా గదిలోకి వెళ్ళాను. దిండు కింద కత్తెర చల్లగా తగిలింది. ఇది లేకపోతే కుట్టుపనికి కూర్చున్న మొదటిరోజే తను ఎవరినో అడగాలి. ఇన్నేళ్ళు అడిగే బతికింది, డబ్బుకీ, పుట్టింటికి వెళ్ళడానికీ, కాసేపు పడుకోవడానికీ. దాచి ఉంచితే దీనికోసం వస్తుందేమో. వచ్చాక మళ్ళీ ఆ వీపే, ఆ మోచెయ్యే. మాత్రలు అందించేవాళ్ళు నాకు కావాలి, నిజమే. చాలాసేపు కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత మొన గుచ్చుకోకుండా నా మెత్తటి తువ్వాలు చుట్టి, సంచి అడుగున ఎక్కడిదక్కడ పెట్టాను.

తను వచ్చి సంచి ఎత్తి, బరువు చూసి, నావైపు తిరిగింది.

"నావేమైనా తీశారా అత్తయ్యా?"

"తీశాను. పెట్టేశాను."

"అన్నీనా?"

"అన్నీ. దువ్వెన అద్దం దగ్గర మర్చిపోయావ్, అది కూడా పెట్టాను."

తను సంచి కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడొస్తావని నేను అడగలేదు.

మనవరాలి పెళ్ళయిన మూడోవారం, బుధవారం మధ్యాహ్నం బస్సుకి నా కోడలు వెళ్ళింది. తిరిగి రాలేదు.