మేత తీసే పూట

బోన్ల అడుగున తడిసిన రంపపు పొట్టును గోకి బకెట్లో పోస్తూ ఆమె ఎలుకల్ని పేరు పేరునా తిడుతోంది. పరిశోధనశాలలో అందరూ ఆమెను ఎలుకలత్త అనేవారు. ఇంట్లో అత్తరికం చేసే యోగం లేకపోయినా, ఇక్కడ మాత్రం ఎర్రకళ్ళ కోడళ్ళకు కొదవ లేదు.

ఆ సాయంత్రం బోన్లలోంచి మేత తీసేయాలి. తెల్లారితే కడుపు మందు ప్రయోగం. రాత్రంతా పస్తున్న ఎలుకల్లో సగం వాటికి అతిమధురం వేరు సారం పట్టి, ఆ తర్వాత అన్నిటికీ కడుపు కాల్చే ద్రవం పోస్తారు. వేరు సారం పడితే కడుపు లోపలి జిగురుపొర చిక్కబడి పుండ్లు పడవట. పడినా పడకపోయినా చివరికి కోసి చూడడం మాత్రం తప్పదు.

మేత తీసే రోజు ఆమె కూడా ముద్ద ముట్టదు. చేరిన కొత్తలో ఒకసారి మేత తీశాక వాటి ఎదుట అన్నం డబ్బా విప్పితే మూతులన్నీ ఊచల సందుల్లోకి వచ్చాయి. ఆనాటినుంచీ అంతే. ఏళ్ళ తరబడి మాడ్చిన కడుపు పుండయింది. ఇంకొక్క పస్తుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

పొద్దున చెల్లెలు డబ్బా చేతిలో పెడుతూ, “నీ కడుపు చూసి జాలిపడే ఎలుకలేం లేవక్కడ. బయట కూర్చునైనా తిను అక్కా” అంది.

“నేను బయట కూర్చుంటే వాటి ఆకలి తీరుతుందా?”

మధ్యాహ్నం పరిశోధన చేసే అమ్మాయి సంబరంగా వచ్చింది. “కిందటిసారి వేరు తాగినవాటి కడుపుల్లో ఒక్క పుండు లేదత్తా.”

“మనుషులకెప్పుడిస్తారమ్మా?”

“ఇంకా ఏళ్ళు పడుతుంది. ఏం, ఎవరికైనా బాలేదా?”

“ఊరికే అడిగాలే.”

సారం సీసా చేతికందే దూరంలోనే ఉంది. వాటి నోటికాడి కూడు లాక్కునేది చాలక మందు కూడానా అనుకుంది. అలాగని బతుకు మీద తీపి లేక కాదు. తను పోతే చెల్లెలికి ఎవరున్నారు? డబ్బా విప్పి ముద్ద కలిపింది. ముక్కులు కదిలాయి. మూత పెట్టేసింది.

సాయంత్రం మేత గిన్నెలు ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చింది. చివరి బోను దగ్గర కడుపులో కత్తి తిప్పినట్టయి స్టూలు మీద చతికిలబడింది. గిన్నె కోసం చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

“మీరైనా తినండే” అంది.

తాళం వెయ్యడానికి వచ్చిన కాపలావాడు కునుకు తీస్తోందనుకుని రెండుసార్లు పిలిచాడు.

కబురు విని వచ్చిన చెల్లెలు అన్నం డబ్బా ఎత్తి చూసి, ఆ బరువుకే కూలబడి ఏడ్చింది. ఎలుకలత్తను తీసుకెళ్ళాక గది ఖాళీ అయింది. చివరి బోనులో ఎలుకలు సగానికి పైగా తిన్న మేత గిన్నె అలాగే ఉంది.