ముద్దు పెట్టని అమ్మమ్మ

కూతురు సౌమ్యకు కాన్పయి పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ కళావతి కంటినిండా నిద్రపోలేదు. ఆ ఉదయం ఆమె కింది పెదవి అంచు చురచురమంది. మధ్యాహ్నానికి నాలుగు నీటిపొక్కులు గుంపుగా లేచాయి.

"నిద్రల మూతి మీద బల్లి ఉచ్చ పోసినట్టున్నది," అన్నాడు భర్త గోపాల్, దుకాణానికి బయల్దేరుతూ.

ఏడాదికోసారి ఆమెకిది మామూలే. ఎప్పటిలాగే కాశిబుగ్గలోని మందుల షాపుకు వెళ్లి, మందు కలిపిన లిప్ బామ్ అడిగింది. షాపు నడిపే శ్యాంసుందర్ చిన్న డబ్బా తీసిచ్చాడు.

"ఇది మంట తగ్గిస్తది, పెదవి పగలనియ్యది. పొక్కు మాత్రం దాని టైం అది తీస్కుంటది అక్కా. వేలుతోటి కాదు, దూదిపుల్లతోటి రాయుండ్రి," అని ఒక్క క్షణం ఆగాడు. "మీ సౌమ్యకు పాప పుట్టింది గద? పొక్కు ఎండి, చెక్కు రాలిపోయేదాక పాపకు ముద్దు పెట్టకుండ్రి. మనకిది చిన్న పొక్కే గని, గంత చిన్న పిల్లలకు అంటితె పాణం మీదికొస్తది. ఈ డబ్బా గూడ ఎవ్వలకియ్యకుండ్రి."

కళావతి తలూపింది గానీ, ఇంటికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయింది. బామ్ రాసుకుంటే మంట చల్లారేది. పాప ఏడ్చినప్పుడు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి, "సౌమ్యా, పాప లేచింది సూడు," అనేది. పాపకు నీళ్లు పోయడానికి పక్కింటి మొగిలమ్మను పిలిచింది.

మూడో రోజు సౌమ్య పెదవులు పొడిబారాయని గూట్లో ఉన్న డబ్బా తీసి మూత తిప్పింది. కళావతి ఒక్క ఉదుటున వచ్చి దాన్ని లాక్కుంది.

సౌమ్య బిత్తరపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకియ్యనీకె గంత కష్టమా అమ్మా? పాపను గూడ ఎత్తుకుంటలేవు. ఆడపిల్ల పుట్టిందనేనా?"

కళావతి మంచం అంచున కూలబడింది. "అయ్యో బిడ్డా! గా మాటెట్ల అన్నవే?" అని, శ్యాంసుందర్ చెప్పిందంతా చెప్పింది.

"ముందుగాల్నే చెప్పరాదా మరి?"

"సిగ్గయింది. నా నోటి నుంచి నా మనుమరాలికి కీడొస్తదని ఏ నోటితోటి చెప్పాలె?"

సౌమ్య కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి, ఫోన్‌లో పిల్లల డాక్టరును అడిగింది. చేతులు సబ్బుతో కడుక్కుని, మూతికి మాస్కు పెట్టుకుంటే ఎత్తుకోవచ్చనీ, ముద్దులు మాత్రం వద్దనీ ఆయన చెప్పారు. ఆ సాయంత్రం మాస్కు కట్టుకున్న అమ్మమ్మ ఒళ్లో పాప గంటసేపు నిద్రపోయింది. కళావతి కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు.

ఇరవై ఒకటో రోజు పాపను తొట్టెలలో వేసే వేడుకకు చుట్టాలొచ్చారు. వియ్యపురాలు సుగుణ వస్తూనే పాప మీదికి వంగింది.

"వదినె, జర ఆగు," అంది కళావతి. అందరూ తిరిగి చూశారు. ఆమె మాస్కు కిందికి లాగి, ఎండిన చెక్కు చూపించింది. "నాకీ పొక్కు లేసింది, పసిపిల్లకు అంటితె పాణం మీదికొస్తదట. గందుకే తొమ్మిది దినాల సంది నేను గూడ ముద్దు పెడ్తలేను. ఎవ్వలకు ఎప్పుడు లేస్తదో తెల్వది, మీరు గూడ పెట్టకుండ్రి."

సుగుణ మొహం చిన్నబోయింది. తర్వాత మెల్లగా అంది: "నాకు గూడ లేస్తుంటయి వదినె. నాకెవ్వలు చెప్పలే."

ఆమె పెరట్లోకి వెళ్లి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, పాపను ఎత్తుకుంది.