మూడు గంటల మ్యాచ్

అనంతలక్ష్మి నోట్లో నువ్వుగింజ నానదని గల్ఫ్‌లోని అల్ మన్సూరాలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. అలాంటి మనిషి జన్మలో ఒక్కసారి ఒక మాటను పది గంటలపాటు కడుపులో దాచుకుంది. ఆ ఒక్కసారీ వాగేసి ఉంటే ఎంత బావుండేది.

కింది ఫ్లాట్ ఖమర్ సుల్తానాది. నిజామాబాద్ పిల్ల. మొగుడు రహమతుల్లాకి రాస్ లఫాన్‌ గ్యాస్ ప్లాంటులో డ్యూటీ, వారమంతా క్యాంపులోనే. ఆ ఇంట్లో ఫోన్ లేదు. ఇండియా నుంచి ఏ కబురొచ్చినా అనంతలక్ష్మి ఫోనుకే రావాలి. అలా మొదలైన పరిచయం ఎంతదాకా వచ్చిందంటే, లిండా అనే అమెరికా టీచరమ్మ తమ కాంపౌండులో ఆడవాళ్ళకి రోలర్ డెర్బీ లీగ్ పెడితే, ఖమర్ చెయ్యి పట్టుకు లాగిందని నలభై రెండేళ్ళ అనంతలక్ష్మి కూడా చక్రాల బూట్లు ఎక్కింది. వేళాకోళం చేసినవాళ్ళు చేశారు. చేయనీ.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గుండ్రటి బాట మీద రెండు జట్లు స్కేట్లతో తిరుగుతుంటాయి. హెల్మెట్ మీద నక్షత్రమున్న మనిషి అవతలి జట్టులో ఎంతమందిని దాటితే అన్ని పాయింట్లు. మిగతావాళ్ళు భుజాలతో, తుంటితో అడ్డుపడాలి. వీళ్ళ జట్టులో నక్షత్రం ఖమర్‌ది, ఆమెకి దారి చేసే పని అనంతలక్ష్మిది.

"నువ్వు గోడ లెక్క నిలబడక్కా, మిగిలింది నేను చూసుకుంట" అనేది ఖమర్.

"గోడేమిటే, గోడౌనే" అని తన ఒళ్ళు చూసుకుని నవ్వేది అనంతలక్ష్మి.

ఈ ముచ్చటంతా ఖమర్ క్యాసెట్‌లో మాట్లాడి వాళ్ళమ్మకు పంపింది. ముసలావిడ నమ్మితేగా. "నా కండ్లతోని చూస్తేనే నమ్ముత బిడ్డా" అని తిరుగు క్యాసెట్‌లో అంది. దాంతో మొదటి మ్యాచ్ వీడియో తియ్యమని లిండాని బతిమాలి ఒప్పించింది ఖమర్. మూడు నెలలు ఆ రోజు కోసమే కాచుక్కూచుంది.

మ్యాచ్ ఉన్న శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి అనంతలక్ష్మి ఇంట్లో ఫోన్ మోగింది. ఖమర్ తమ్ముడు ఉబైద్.

"అక్కా, అమ్మ పోయింది. తెల్లారుజామున. సాయంత్రం నమాజయినంక ఐదున్నరకు మట్టి చేస్తున్నం. ఖమర్ ఆపాకి చెప్పకుండ్రి. బావకి చెప్పుండ్రి."

అనంతలక్ష్మి వెంటనే క్యాంపుకి ఫోన్ చేసింది. "టికెట్ సంగతి చూసుకోని సాయంత్రం బస్సుకొస్త. అప్పటిదాక చెప్పకుండ్రక్కా. ఒక్కతే తట్టుకోలేదు" అన్నాడు రహమతుల్లా.

గల్ఫ్‌లో ఇది మామూలే. ఇంటిదగ్గర ఎవరు పోయినా సీరియస్‌గా ఉందని చెప్పి విమానం ఎక్కిస్తారు. అందరూ మంచికే చేస్తారు. అనంతలక్ష్మీ మంచికే అనుకుంది. పోనీ ఆటయినా తప్పిద్దామని, ఒంట్లో బాలేదంది. ఖమర్ నుదుటి మీద చెయ్యేసి చూసింది.

"జరం లేదు, ఏం లేదు. భయపడుతున్నవ్. నడువక్కా."

సరిగ్గా మూడింటికి లిండా విజిల్ వేసింది. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటలు తేడా. అనంతలక్ష్మి వాచీ వంక చూసింది, అక్కడ ఐదున్నర. అయినా గోడలా నిలబడింది. పక్కనుంచి ఖమర్ దూసుకుపోయింది, ఒకరిని, ఇద్దరిని, నలుగుర్నీ దాటింది. గెలిచాక స్కార్ఫ్ సర్దుకుని కెమెరా ముందుకొచ్చి విరగబడి నవ్వింది. "అమ్మీ, చూసినవా? ఇప్పుడు నమ్ముతవా?"

రాత్రి రహమతుల్లా వచ్చి చెప్పాడు. ఖమర్ ఏడవలేదు. అనంతలక్ష్మి వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసిందక్కా?"

"పొద్దున."

"మట్టి ఎన్నింటికి చేసిండ్రు?"

"ఐదున్నరకి."

ఖమర్ వేళ్ళ మీద లెక్కేసుకుంది. మూడు దగ్గర ఆగింది.

"తట్టుకోలేవనే తల్లీ..." అంది అనంతలక్ష్మి.

"ఎట్లాగూ పోలేకపోదును. ఆ టైముకి చాప పరుచుకోని దువా చేసుకుంట కూసుందును గదా. మా అమ్మ మీద మట్టి పోస్తుంటే నేను నవ్విన. నువ్వు చూస్కుంట నిలబడ్డవ్."

నలభై రోజులకు ఖమర్ ఊరినుంచి తిరిగొచ్చింది. లిండా ఇచ్చిన వీడియో క్యాసెట్ పట్టుకుని అనంతలక్ష్మి కిందికి వెళ్ళింది. ఖమర్ కుర్చీ వేసింది, చాయ్ ఇచ్చింది, మంచిగున్నవా అని అడిగింది. క్యాసెట్ మాత్రం ముట్టుకోలేదు.

"నీ దగ్గరనే ఉంచుకో అక్కా. చూపించాల్సిన మనిషే లేదు."

స్కేట్లు లిండాకి ఇచ్చెయ్యమని సంచీలో పెట్టి ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చాక అనంతలక్ష్మి కంట్లో పడింది, బల్ల మీద కొత్త ఫోన్.

"నిన్ననే పెట్టించిన" అంది ఖమర్. "ఇంక మావోళ్ళు నాకే చేస్తరు."

ఊళ్ళో అందరి నంబర్లూ నోటికొచ్చిన మనిషి అనంతలక్ష్మి. ఈ నంబరెంతని అడగడానికి ఆమెకు నోరు రాలేదు.