తడి కట్టు

మా అత్తగారు ఆనందమ్మ నాగాయలంకలో ముప్పై ఏళ్లు ఎండుచేపలు అమ్మారు. షుగరు వల్ల ఆమె మడమకు పడిన పుండు లోతుకు దిగింది. గుడివాడ డాక్టరుగారు హైడ్రోజెల్ కట్టు వేశారు. చల్లారి గడ్డకట్టిన గంజిలా ఉంటుందది. మూడు రోజులకోసారి మార్చడం నాకు నేర్పారు.

"రెండు వారాలు చూద్దాం. కొత్త కండ రాకపోతే పాదం తీసేయాల్సి రావచ్చు" అన్నారు.

పది రోజులైనా పుండులో పసుపుపచ్చ పొర అలాగే ఉంది. కట్టు విప్పితే జెల్ కనిపించేది కాదు. పుండు పీల్చుకుంటోందనుకున్నాను.

పదకొండో రోజు ఆదివారం. నేను చర్చి నుంచి త్వరగా వచ్చేసరికి అత్తయ్య పెరట్లో కట్టు విప్పేసి, జెల్ తుడిచేసి, కాలు ఎండకు చాపి కూర్చున్నారు.

"ఏంటత్తయ్యా ఇది!"

"అరవకమ్మాయ్. నువ్వు ఇంట్లో లేనప్పుడు రోజూ గంటసేపేగా. మళ్ళీ నువ్వు కట్టినట్టే కట్టేస్తున్నా."

"రోజూనా?"

"తడుంటే కుళ్ళుద్ది హెప్సీ. డిగ్రీ చదివావు గానీ, గుప్పెడు మెత్తళ్ళు ఎండబెట్టావా ఎప్పుడన్నా?"

కోపం వచ్చింది. కానీ ఇన్నాళ్ళూ ముట్టుకోవద్దనడమే తప్ప, ఎందుకో నేనూ చెప్పలేదు.

"అది చచ్చిన చేప. మీ కాలు బతికుంది. తడి ఉంటేనే కొత్త కండ పాకుద్దంట."

"అంటే నేనింకా ఎండుచేప అవలేదంటావ్."

"మూడ్రోజులు నా మాట వినండి. చెడు వాసనొస్తే ఆ పూటే గుడివాడ వెళ్దాం."

అత్తయ్య కాలు నా ఒళ్ళోకి చాపారు.

మూడో రోజు కట్టు విప్పితే పసుపు పొర నాని, ముద్దలా ఊడొచ్చింది. కుళ్ళిందేమో అనుకున్నాను. అత్తయ్య ఆ కట్టు లాక్కుని, బుట్టలో సరుకు మంచిదో కాదో తేల్చే ముఖంతో రెండుసార్లు వాసన చూశారు.

"కుళ్ళు కాదు" అన్నారు.

వంగి చూశాను. గుంట అంచున కందిబద్దంత ఎర్రటి కండ. ఆమె మడమ ఆమెకు కనపడదు కనుక ఫోనులో ఫొటో తీసి చూపించాను. వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

మర్నాడు గుడివాడలో డాక్టరుగారు పుండు కొలిచి పెదవి విరిచారు. "రెండు వారాలకి ఇంతేనా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకున్నారు.

"పదకొండు రోజులు నేనే విప్పి ఎండబెట్టానండి. పిల్లదాని తప్పేం లేదు. తమరు ఈ ఆఖరి మూడ్రోజులే లెక్క చూడండి."

ఆయన చీటీ మీద మరో రెండు వారాల తర్వాతి తేదీ వేశారు.